నల్ల కారుకు ఇంట్లో వాక్స్ పెట్టడానికి ఏ మిషన్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నాలుగేళ్ల నల్ల సెడాన్, గుంటూరులో సొంత ఇల్లు, పోర్టికోలో కారు. రెండు నెలలకోసారి చేత్తో వాక్స్ పెడుతున్నారు, భుజాలు పట్టేస్తున్నాయి. అయినా ఎండ పడితే చాలు, బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. దుకాణంలో పది అంగుళాల గుండ్రటి వాక్సింగ్ మిషన్ చూపించారు. పక్కింటాయన తన గ్రైండర్‌కు ప్యాడ్ తగిలిస్తే సరిపోతుందంటున్నారు. బావగారు డిసెంబరులో అమెరికా నుంచి వస్తున్నారు కాబట్టి అక్కడి నుంచి ఒకటి తెప్పించుకుందామా అన్నది మూడో ఆలోచన.

ఈ మూడూ వద్దు. ఏది కొనాలో చెబుతాను గానీ, ముందు ఒక చిక్కు విప్పాలి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెయింటింగ్ షెడ్డులో పని నేర్చుకున్నాను. తర్వాత సొంతంగా పాలిష్ పని మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో వాక్స్ మిషన్ కావాలని అడిగినవాళ్లలో నిజంగా వాక్స్ కోసమే అడిగినవాళ్లు చాలా తక్కువ. వాళ్లకు కావలసింది గీతలు పోవడం. మీకూ అంతే. వాక్స్ గీతలు తీయదు. కొంత నూనెలా నిండి ఒకటి రెండు వారాలు వాటిని దాచిపెడుతుంది, రెండు మూడు సార్లు కడిగాక మళ్లీ బయటపడతాయి. వాక్స్ పని మెరుపు ఇవ్వడం, నీరు నిలవకుండా జారిపోయేలా చేయడం, పెయింట్ మీద పలచటి కాపు కాయడం. దానికి చెయ్యి చాలు. భుజాలు పట్టేస్తున్నాయంటే మీరు ఎక్కువ వాక్స్ మందంగా పట్టించి, అది గట్టిపడ్డాక బలవంతంగా తుడుస్తున్నారన్నమాట. అద్దం మీద నోటితో ఊదితే పట్టే ఆవిరి ఎంత పలచగా ఉంటుందో వాక్స్ కూడా అంతే ఉండాలి. అలా పెడితే కారు మొత్తానికీ చిన్న డబ్బాలో పదో వంతు కూడా ఖర్చవదు, తుడవడానికి వేళ్ల బరువు చాలు.

గీతలు తీసేది పాలిష్. అందులో కంటికి కనపడని రాపిడి పొడి ఉంటుంది. అది పెయింట్ పై పొరను కాస్త అరగదీసి గీత అంచులను చదును చేస్తుంది. ఇంకా గరుకుగా ఉండేది మన షెడ్లలో రబ్బింగ్ అని పిలిచే కాంపౌండ్. మిషన్ అవసరం ఇక్కడ వస్తుంది. కాబట్టి మీరు కొనబోయేది పాలిష్ మిషన్. వాక్స్ పూయడం దానికి అదనంగా వచ్చే సౌకర్యం మాత్రమే. ఈ తేడా తెలియక చాలామంది చవకగా ఒకటి కొని, ఆరు నెలలకు అటక మీద పెట్టి, మళ్లీ ఇంకొకటి కొంటారు.

అరగదీయడం అన్నాను కదా, ఎంత ఉందో తెలిస్తే చేతికి భయం వస్తుంది. రావాలి కూడా. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైన ఉండే రంగులేని పొర, అంటే క్లియర్ కోట్, 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మీ కారు మెరుపంతా వెంట్రుక కన్నా పలచటి పొరలో ఉంది. జాగ్రత్తగా పాలిష్ చేస్తే ప్రతిసారీ ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోతాయి. కొన్నిసార్లు చేయవచ్చు. ప్రతి పండగకూ చేయకూడదు.

ఆ పొర పోతే ఎలా ఉంటుందో నేను నా చేత్తోనే చూశాను. పనిలో చేరిన రెండో ఏడు. ఒక నల్ల కారు డిక్కీ, పైన వంపు తిరిగే చోట కత్తి అంచులాంటి గీత. చేతిలో రోటరీ మిషన్, దాని మీద తెల్లటి ఫోమ్ ప్యాడ్. అంచు మీద ఒక క్షణం ఎక్కువ ఆగాను, అంతే. మిషన్ ఎత్తి చూస్తే తెల్లటి ప్యాడ్ మీద చంద్రవంకలా నల్లటి మరక. క్లియర్ కోట్ ఉన్న కారును పాలిష్ చేస్తే ప్యాడ్ మీద తెల్లటి మడ్డి మాత్రమే రావాలి. కారు రంగు వచ్చిందంటే పై పొర పోయి, కింది రంగు అరుగుతోందని అర్థం. డిక్కీ అంచున రెండు వేళ్ల పొడవున మెరుపు లేని మచ్చ పడింది. తడిపితే మాయమవుతుంది, ఆరగానే మళ్లీ కనిపిస్తుంది. మేస్త్రి ఏమీ అనలేదు. ఆ డిక్కీకి మళ్లీ రంగు వేయడానికి అయిన ఖర్చు మాత్రం నా జీతంలోంచి మూడు నెలల పాటు కోశారు. (పాతకాలపు కార్లకు, క్లియర్ కోట్ లేని ఒకే పొర పెయింట్‌కు ఇది వర్తించదు. వాటిలో రంగు ప్యాడ్‌కు రావడం మామూలే.)

రోటరీ అంటే కుమ్మరి సారెలా ఒకే ఇరుసు మీద తిరిగేది. ప్యాడ్ అంచు ఒకే దారిలో మళ్లీ మళ్లీ పోతుంది కాబట్టి వేడి ఒకేచోట పోగవుతుంది. చెయ్యి తిరిగినవాడికి అంత వేగంగా పని తీసే మిషన్ మరొకటి లేదు. కొత్తవాడి చేతిలో అది అంచులు కాలుస్తుంది, లేదంటే ఎండలో హోలోగ్రామ్‌లా తళతళలాడే చారలు వదులుతుంది. నల్ల కారు మీద ఆ చారలు మీ ఇప్పటి సాలెగూడు కన్నా అసహ్యంగా ఉంటాయి.

ఇక గ్రైండర్. పక్కింటాయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ లెక్క చూడండి. ఇనుము కోసే నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి నాలుగు అంగుళాల ప్యాడ్ తగిలిస్తే, ప్యాడ్ అంచు గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పెయింట్‌ను రాస్తుంది. పాలిష్ కోసం చేసిన రోటరీని మేము 1,000 చుట్ల దగ్గర వాడతాం. ఆరు అంగుళాల ప్యాడ్‌తో అయినా అంచు వేగం గంటకు సుమారు 29 కిలోమీటర్లే. రెంటికీ పోలికే లేదు. వేగం తగ్గించే మీట ఉన్న గ్రైండర్లు కూడా ఉన్నాయి కానీ వాటి కనిష్ఠ వేగమే మనకు ఎక్కువ. డ్రిల్లుకు తగిలించే ప్యాడ్లు హెడ్‌లైట్ ప్లాస్టిక్ మసక తీయడానికి పనికొస్తాయి. బానెట్ మీద డ్రిల్లును సమంగా ఆనించి పట్టుకోవడం కుదరదు.

దుకాణంలో చూపిన పది అంగుళాల మిషన్ వల్ల హాని లేదు, అదే దాని గొప్పతనం. రెండు పక్కలా పిడులు, కింద స్పాంజి దిమ్మ, దానికి టోపీలా తొడిగే గుడ్డ. మోటారు శక్తి చాలా తక్కువ, కాస్త నొక్కితే నీరసపడుతుంది. వెడల్పాటి బానెట్, పైకప్పు మీద వాక్స్ పరుస్తుంది గానీ సగం వాక్స్ గుడ్డే తాగేస్తుంది. తలుపు పిడి దగ్గర, బంపర్ వంపుల్లో అది ఇమడదు. గీత ఒక్కటి కూడా తీయదు. వాక్స్ పరచడమే అయితే చేత్తో ఇంతకన్నా త్వరగా అయిపోతుంది.

మీకు సరిపోయేది డ్యూయల్ యాక్షన్ పాలిషర్. దుకాణాల్లో డీఏ అని అడిగితే ఇస్తారు. దీనిలో ప్యాడ్ రెండు రకాలుగా కదులుతుంది. ఇరుసు కాస్త పక్కకు జరిపి ఉంటుంది కాబట్టి ప్యాడ్ మొత్తం చిన్న వలయాల్లో ఊగుతుంది. ఆ ఊపుకు తనంతట తాను గుండ్రంగా కూడా తిరుగుతుంది. ప్యాడ్ మీద ఒక చుక్క పెట్టి దాని దారి గీస్తే మెలికల ముగ్గులా వస్తుంది. వెళ్లిన దారినే వెంటనే మళ్లీ వెళ్లదు కాబట్టి వేడి ఒకచోట పోగవదు. మరీ ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గట్టిగా నొక్కినా, అంచు మీద పక్కకు వాల్చినా ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది, ఊగడం మాత్రమే మిగులుతుంది. మీరు తప్పు చేస్తే అది పని మానేస్తుంది. కొత్తవాడికి ఇంతకన్నా మంచి గుణం ఏముంది? పళ్లచక్రాలతో బలవంతంగా తిప్పే రకం కూడా ఉంది, జర్మనీకి చెందిన ఫ్లెక్స్ వాటికి పేరుపడింది. అవి నొక్కినా ఆగవు. పని బాగా తీస్తాయి, కానీ మొదటి మిషన్‌గా వద్దు.

డీఏలో చూడవలసిన మొదటి అంకె త్రో. ప్యాడ్ ఎంత వెడల్పు వలయంలో ఊగుతుందో అది చెబుతుంది. 8, 12, 15, 21 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. ఇటలీ కంపెనీ రూపెస్ బిగ్‌ఫుట్ పేరుతో 15, 21 మిల్లీమీటర్ల మిషన్లు తెచ్చాక పెద్ద త్రో వాడుక బాగా పెరిగింది. 21 బానెట్, పైకప్పు లాంటి వెడల్పాటి చోట్ల హాయిగా పోతుంది. వంపు వచ్చిందంటే ప్యాడ్ మొరాయిస్తుంది, చిరాకు పుట్టిస్తుంది. 8 వంపుల్లో బాగా నడుస్తుంది కానీ నెమ్మది, చవక రకాల్లో చెయ్యి మొద్దుబారేంత అదురు ఉంటుంది. ఒక కారుకు, ఒక మనిషికి, ఐదు అంగుళాల పలకతో (ప్యాడ్‌ను అంటించే గట్టి వెల్క్రో బిళ్ల) 12 లేదా 15 తీసుకోండి. ఆరు అంగుళాల పలక వద్దు. ఇప్పటి కార్ల తలుపుల మీద ఇన్ని మడతలు ఉన్నప్పుడు పెద్ద ప్యాడ్‌కు చదునైన చోటు ఎక్కడుంది?

మోటారు 700 నుంచి 900 వాట్లు ఉంటే చాలు. వేగం మార్చే చక్రం తప్పనిసరి. నొక్కగానే ఎగిరిపడకుండా మెల్లగా అందుకునే ఏర్పాటు ఉంటే మంచిది, లేకపోతే మీరు పెట్టిన పాలిష్ చొక్కా మీద చిమ్ముతుంది. బరువు మూడు కిలోలు దాటితే తలుపుల దగ్గర నడుము ఏడుస్తుంది. పేరున్న మిషన్‌కు, చైనా నుంచి వచ్చే మామూలు మిషన్‌కు మధ్య ధర మూడు నాలుగు రెట్లు ఉంటుంది. ఏడాదికి రెండు సార్లు వాడేవారికి ఆ తేడా పెట్టనవసరం లేదన్నది నా అభిప్రాయం. షెడ్డులో రోజూ ఎనిమిది గంటలు నడిపే మాకు వేరు. కానీ మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, వెల్క్రో పలక విడిగా దొరుకుతాయో లేదో అడగండి. ముందు పోయేవి ఆ రెండే. దొరకవంటే ఎంత చవకైనా వదిలేయండి.

దుకాణంలోనే చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. మార్కర్ పెన్ను అడిగి పలక అంచున ఒక నిలువు గీత గీయండి. ప్యాడ్ వేసి, గాజు బల్ల మీదో కార్డుబోర్డు మీదో చదునుగా పెట్టి మధ్య వేగంలో నడపమనండి. గీత తిరుగుతూ కనిపించాలి. మెల్లగా నొక్కండి. మిషన్ బరువుకు మరో రెండు మూడు కిలోలు కలిసినా గీత ఇంకా తిరుగుతుంటే మోటారులో సత్తా ఉన్నట్టు. చెయ్యి ఆనించగానే ఆగిపోతే ఆ మిషన్ మీ ఇంట్లో కూడా అంతే. పిడి పట్టుకుని ఒక నిమిషం నడిపి ఆపాక వేళ్లు జివ్వుమంటున్నాయో లేదో చూసుకోండి. కారంతా పాలిష్ చేయడానికి కొత్తవారికి ఆరేడు గంటలు పడుతుందని మరచిపోకండి. ఆ గీత తుడిచేయవద్దు. ఇంట్లో పని చేసేటప్పుడు ప్యాడ్ తిరుగుతోందా, ఊరికే ఊగుతోందా అన్నది చెప్పేది అదే.

బావగారి సంగతి. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఫోన్ ఛార్జరు రెండు చోట్లా పనిచేస్తుంది కాబట్టి ఇదీ పనిచేస్తుందనుకుంటారు. నా దగ్గరకు వచ్చే ఒకాయన అలాగే తెప్పించుకుని, ప్లగ్గుకు అడాప్టర్ పెట్టి మా షెడ్డులోనే స్విచ్చి వేశారు. విమానంలా ఒక్క కేక వేసింది, తర్వాత మోటారు చుట్ట కాలిన వాసన. పెట్టె తెరిచి పది నిమిషాలు కాలేదు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు గానీ, అంత వాట్లకు సరిపడేది ఇటుకల మూటంత బరువుంటుంది. బావగారితో మిషన్ బదులు ప్యాడ్లు, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు తెప్పించుకోండి. తేలిక, సూట్‌కేసులో ఏ మూలనైనా ఇముడుతాయి.

ప్యాడ్ల మాట వచ్చింది కాబట్టి: మిషన్ మీద పెట్టే డబ్బులో కొంత మిగిల్చి వీటి మీద పెట్టండి. ఐదు అంగుళాల పలకకు ఐదున్నర అంగుళాల ప్యాడ్ వేయాలి. పలక అంచు బయటకు వస్తే గట్టి ప్లాస్టిక్ పెయింట్‌కు తగులుతుంది. పాలిష్ కోసం మధ్యరకం ఫోమ్ కనీసం మూడు, వాక్స్ కోసం అన్నిటికన్నా మెత్తనిది ఒకటి. రంగును బట్టి కొనకండి. ఒక కంపెనీకి నల్లది మెత్తనిదైతే ఇంకో కంపెనీకి మరో రంగు. వేళ్లతో నొక్కి చూడండి. పాలిష్‌కు వాడిన ప్యాడ్‌ను వాక్స్‌కు వాడకూడదు, ఎంత కడిగినా రాపిడి పొడి లోపల ఉంటుంది.

కరెంటు విషయంలో పెద్ద చిక్కు లేదు. 700 వాట్ల మిషన్ మూడు ఆంపియర్లు తీసుకుంటుంది, మామూలు చిన్న ప్లగ్గు చాలు. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టగా ఉంటే పూర్తిగా విప్పి పరచండి, చుట్టలోనే ఉంచితే వేడెక్కుతుంది. కారు కడిగిన తడి నేల మీద వైరు ఉండకూడదు. భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే బానెట్‌కు రాసుకోదు. బ్యాటరీ మిషన్లు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్గు లేనివాళ్లకు మంచివి. పోర్టికోలో ప్లగ్గు ఉన్న మీకు అనవసరపు ఖర్చు, పైగా బరువు.

ఇప్పుడు పని. ఎండలో వద్దు, మే నెలలో అసలే వద్దు. మన దగ్గర ఎండలో నిలిపిన నల్ల బానెట్ చెయ్యి ఆనించలేనంత కాలుతుంది, పాలిష్ పెట్టిన మరుక్షణం పొడిపొడిగా ఎండిపోతుంది. తెల్లవారుజామున నీడలో మొదలుపెట్టండి. షాంపూతో బాగా కడిగి, వేళ్లకు పల్చటి పాలిథిన్ కవరు తొడిగి బానెట్ మీద మెల్లగా రాయండి. ఇసుక తగిలినట్టు గరగరలాడితే క్లే బార్‌తో, అంటే మురికిని అంటించుకునే మెత్తటి మట్టి ముద్దలాంటి దానితో, ఆ మురికి తీయాలి, దాని మీదే పాలిష్ చేస్తే కొత్త గీతలు మీరే వేసినట్టు. బోరు నీళ్లతో కడిగితే ఆరనివ్వకుండా వెంటనే తుడవండి, లేకపోతే ఉప్పు మచ్చలు దిగుతాయి. నల్ల ప్లాస్టిక్ పట్టీలకు, తలుపు అంచులకు, మడతల శిఖరాలకు మాస్కింగ్ టేపు అంటించండి.

ముందు రెండడుగుల చదరం మాత్రమే చేయండి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు. మిషన్ ఆపి ఉండగానే ఆ చదరమంతా అద్ది పరచండి, ఆ తర్వాతే స్విచ్చి. వేగం చక్రం మీద ఆరు అంకెలుంటే నాలుగు దగ్గర. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పుతూ, సెకనుకు అంగుళం కన్నా తొందరపడకుండా. నాలుగైదు సార్లయ్యాక తుడిచి, ఫోన్ టార్చి పక్క నుంచి వేసి చూడండి. పోకపోతే పాలిష్ మార్చండి, బలం పెంచకండి. గోరు తట్టే గీత ఉంటే దాని జోలికి వెళ్లకండి. అది క్లియర్ కోట్ లోతుదాకా దిగిందన్నమాట. నూటికి నూరు పాళ్లు పోగొట్టాలన్న పంతంతోనే పెయింట్లు పాడవుతాయి. పదింట ఎనిమిది పోతే ఆపండి, నల్ల కారు కూడా అద్దంలా ఉంటుంది.

వాక్స్ దశ దీని ముందు ఆటలాంటిది. మెత్తని ప్యాడ్, వేగం ఒకటి లేదా రెండు, మిషన్ బరువు తప్ప ఒత్తిడి వద్దు. ద్రవ వాక్స్ మిషన్‌కు సులువు. డబ్బాలో వచ్చే గట్టి కార్నౌబా వాక్స్ బ్రెజిల్ తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. అది 80 డిగ్రీలు దాటాకే కరిగే పదార్థం కాబట్టి ప్యాడ్ మీద ఉండలు కడుతుంది. మీ దగ్గర ఉన్నది అదే అయితే చేత్తోనే పెట్టేయండి. మసకగా ఆరాక వేలితో ఒక చార గీయండి. చార కింద పెయింట్ శుభ్రంగా మెరిస్తే తుడవడానికి వేళైనట్టు, జిడ్డుగా అలుక్కుంటే ఇంకొంచెం ఆగాలి. తుడవడం మాత్రం చేత్తోనే, మిషన్‌కు గుడ్డ కట్టి కాదు.

ఒక్కటి అడగాలి. ఈ నాలుగేళ్లలో ఏ తలుపుకో బంపర్‌కో మళ్లీ రంగు వేయించారా? వేయించి ఉంటే అక్కడి పొర మందం కంపెనీ పెయింట్‌లా ఉండదు. ప్లాస్టిక్ బంపర్ మీద వేడి కూడా రేకు మీదలా చుట్టూ పాకిపోదు, ఒకేచోట నిలుస్తుంది. ఆ భాగాలను చివరికి వదిలి, వేగం ఒక అంకె తగ్గించి చేయండి. ఇంకా, మీ గీతలు ఎలా పడ్డాయో నేను చూడకుండానే చెప్పగలను. పొద్దున్నే ఎవరో పొడి గుడ్డతో దుమ్ము దులుపుతున్నారు. ఆ గుడ్డ ఇవాళే దాచేయండి, నీళ్లు పోసి దుమ్ము జారిపోయాకే కారు మీద చెయ్యి వేయమనండి. అది ఆగకపోతే మిషన్ కొన్న మూడో నెలకే బానెట్ మీద సాలెగూడు మళ్లీ అల్లుకుంటుంది.